ఎనిమిది ర్యామ్ చిప్‌లు మార్చినా అదే అంకె: మా వాడికి ఇందులో భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో ఈసీఈ రెండో సంవత్సరం చదువుతున్నాడు. జర్మనీలో ఉండే మేనమామ తెచ్చిచ్చిన కమొడోర్ 64 అనే పాత కంప్యూటర్ ముందే కూర్చుంటున్నాడు. ఆన్ చేస్తే 38911 బైట్లు ఖాళీ అని రావాలట, 30719 అని వస్తోంది. ర్యామ్ చిప్‌లు ఎనిమిదీ మార్చాడు, అయినా అంతే. ఫ్లాపీ డ్రైవ్ కూడా సరిగ్గా చదవడం లేదు. ఇది కాలక్షేపమా, చదువా? చాలా టెన్షన్‌గా ఉంది. (తెనాలి నుంచి ఒక తండ్రి)

జవాబు: అయ్యా, ఇది చదువే. మీవాడికి ఇంకా పట్టుబడనిది ఒకటుంది, ముందు అది చెబుతాను.

1982లో వచ్చిన ఆ మెషీన్ ఆన్ చేయగానే తన మెమరీని తానే పరీక్షించుకుంటుంది. ఒక్కో చోట ఒక విలువ రాస్తుంది, తిరిగి చదువుతుంది, రాసిందే వచ్చిందా అని చూస్తుంది. తేడా వచ్చిన చోట ఆగిపోతుంది. బాగున్న మెషీన్‌లో అది 40960 నంబరు చోటు దగ్గర ఆగుతుంది, ఎందుకంటే అక్కడ బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష ఉన్న రోమ్ (చదవడానికే తప్ప రాయడానికి వీలులేని మెమరీ) మొదలవుతుంది, అందులో రాయడం కుదరదు. బేసిక్ ప్రోగ్రామ్‌లకు చోటు 2049 నుంచి. తీసివేస్తే 38911. ఇప్పుడు మీవాడి అంకెకు 2049 కలపండి: 32768. సరిగ్గా కార్ట్రిడ్జ్‌కు (గేమ్ లాంటి ప్రోగ్రామ్‌తో మెషీన్‌కు బయటి నుంచి తగిలించే పెట్టెకు) కేటాయించిన చోటు మొదలయ్యేది అక్కడే! కార్ట్రిడ్జ్ లేకపోయినా ఉన్నట్టు మెషీన్ భ్రమపడితే ఇదే అంకె వస్తుంది. కొత్త చిప్‌లు పెట్టినా అంకె కదలలేదంటే నా అనుమానం కార్ట్రిడ్జ్ పోర్టు పిన్నుల మీద, కార్ట్రిడ్జ్ ఉందని మెషీన్‌కు చెప్పే లైన్ ఎక్కడైనా గ్రౌండ్‌కు తగులుతుండటం మీద, ఆ తర్వాత ఏ చోట ఏ మెమరీ పలకాలో నిర్ణయించే పీఎల్ఏ చిప్ మీద. ఎనిమిది ఐసీలు ఊడదీసే ముందు కాగితం మీద ఒక్క కూడిక వేసుకుంటే ఆ శ్రమ తప్పేది. ఈ మాట వాడికి కోపంగా కాకుండా నెమ్మదిగా చెప్పండి. కొలిచాకే మార్చడం అలవాటైతే వాడు మంచి ఇంజినీర్ అవుతాడు.

ర్యామే చెడిపోయి ఉంటే అది కూడా లెక్కకు దొరుకుతుంది. ఆ ఎనిమిది చిప్‌లలో ఒక్కోటి ప్రతి బైట్‌లోనూ ఒక్కో బిట్‌ను దాస్తుంది. 255 రాస్తే 251 తిరిగొచ్చిందనుకోండి, తేడా 4. అంటే ఆ బిట్‌ను మోసే చిప్ ఒక్కదాన్నే మార్చాలి.

ఫ్లాపీ డ్రైవ్ 1541 మోడల్ అయితే దానికి సొంత ప్రాసెసర్, 2 కేబీ ర్యామ్ ఉంటాయి. అదే ఒక చిన్న కంప్యూటర్. ఆన్ చేయగానే మోటార్ కాసేపు తిరిగి, ఎర్ర లైటు వెలిగి ఆరిపోవాలి. రెండూ ఆగకుండా ఉంటే లోపం బోర్డులో. తాను ఫార్మాట్ చేసిన డిస్క్ చదువుతూ వేరే డ్రైవ్‌లో రాసినవి చదవకపోతే డిస్క్‌ను చదివే హెడ్ అలైన్‌మెంట్ తప్పినట్టు. ఏదీ చదవకపోతే ముందు హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవమనండి.

ఇక ఉద్యోగం సంగతి. పాత కంప్యూటర్ల రిపేరు మీదే బతకవచ్చని నేను చెప్పను. కానీ రాసి, తిరిగి చదివి, తేడా పట్టుకోవడమనే పనినే నేటి చిప్‌లలో మెమరీ సెల్ఫ్ టెస్ట్ చేస్తుంది. దాన్ని డిజైన్ చేసే డీఎఫ్‌టీ (చిప్‌ను పరీక్షించే వీలు ముందే డిజైన్‌లో పెట్టడం), మెమరీ టెస్ట్, హార్డ్‌వేర్ వేలిడేషన్ ఇంజినీర్లు వేరే ఉంటారు. మెమరీ తయారుచేసే మైక్రాన్‌కు హైదరాబాద్‌లో కేంద్రం ఉంది, గుజరాత్‌లోని సానంద్‌లో అసెంబ్లీ, టెస్ట్ ప్లాంటు ఉంది. వాటిలో డిజైన్ వైపు వెళ్లాలంటే డిప్లొమాతో ఆగితే కష్టం. ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరాలి. 200 మార్కుల్లో 100 బ్రాంచి సబ్జెక్టువి, 50 లెక్కలవి. డిజిటల్ ఎలక్ట్రానిక్స్ ఇప్పటికే చేతుల్లో ఆడుతోంది కాబట్టి వాడి సమయం లెక్కలకు కావాలి. మెషీన్‌కు ఆదివారం కేటాయించండి, లాక్కోవద్దు.

ఒక నోటు పుస్తకం కొనివ్వండి. ఏ లోపం కనిపించింది, ఎక్కడ ఎన్ని వోల్టులు కొలిచాడు, ఎందుకు ఆ చిప్‌ను అనుమానించాడు, ఏం తేలింది అన్నీ తేదీతో రాయాలి, తప్పిన అంచనాలతో సహా. ఇంటర్వ్యూలో అది సర్టిఫికెట్ కన్నా ఎక్కువ మాట్లాడుతుంది.

మళ్లీ ఆన్ చేసే ముందు ఒక్క పని తప్పకుండా చేయించండి. ఆ పాత పవర్ సప్లైలోని రెగ్యులేటర్ చెడితే 5 వోల్టుల లైన్‌లో ఎక్కువ వోల్టేజీ వచ్చి కొత్త ర్యామ్ చిప్‌లు కూడా కాలిపోతాయి. సప్లైని మెషీన్‌కు తగిలించకుండా మల్టీమీటర్‌తో కొలవాలి. 5.25 దాటితే దాన్ని పక్కన పెట్టేయమనండి.