కొండే లేని రోడ్డు మీద సైకిల్ రేసు గుంపు ఎందుకు తెగిపోతుంది?

ఫిబ్రవరిలో యూఏఈ టూర్ సైకిల్ రేసు చూస్తూ మా అమలాపురం కుర్రాడు అడిగిన ప్రశ్న ఇది. రోడ్డు చాప పరిచినట్టుంటే గుంపు ముక్కలెందుకైంది అని.

కారణం పక్కగాలి. కాలవగట్టు మీద సైకిల్ తొక్కినవాళ్లకి ఇది ఒంటికి తెలుసు. ఎదురుగాలైతే ముందువాడి వెనక నక్కితే చాలు. అదే గాలి చేల మీదుగా ఎడమనుంచి కొడితే, మన ముందుచక్రం వాడి వెనకచక్రానికి కుడిపక్కన ఉండాలి, అప్పుడే చాటు దొరుకుతుంది. అలా ఒకరి పక్కన ఒకరు చేరేసరికి రోడ్డుకి అడ్డంగా ఏటవాలు వరస కడుతుంది. దాన్నే ఎషెలాన్ అంటారు.

చిక్కల్లా రోడ్డు వెడల్పుతోనే. వరసలో పట్టేది కొద్దిమందే. మిగతావాళ్లు రోడ్డు అంచున ఒకరి వెనక ఒకరు, గాలంతా ఒంటిమీద కాస్తూ తొక్కాలి. అందులో ఒక్కడు వెనకబడినా వాడి వెనకున్న అందరికీ దారి తెగినట్టే. బలమైన టీములు ఇది తెలిసే, గాలి పక్కకి తిరిగే మలుపు దగ్గర ఒక్కసారిగా వేగం పెంచుతాయి. మార్చిలో ఫ్రాన్సులో జరిగే పారిస్–నీస్ రేసు తొలిరోజుల్లోనూ ఇదే భయం. కొండలెక్కడంలో మొనగాళ్లు కొండ రాకముందే నిమిషాలు పోగొట్టుకుంటారు.

ఈసారి చూసేటప్పుడు చెట్లు లేని మైదానంలో మలుపు రాగానే దారిపక్క జెండాలు ఎటు ఎగురుతున్నాయో గమనించండి.