అక్కతో చెరువు గట్టున ఒక పగలు: ఇంగ్లండులో గాలం వేయదలచినవారికి

సందేహం: మేము లెస్టర్‌కు వచ్చి ఏడాది అయింది. జూలైలో మా తమ్ముడు చూడడానికి వస్తున్నాడు. చిన్నప్పుడు ఇద్దరం కాలువ గట్టున బెండు గాలం వేసేవాళ్ళం. ఇక్కడ కూడా ఒక రోజు అలా గడపవచ్చా? పట్టిన చేపను ఇంటికి తెచ్చుకోవచ్చా?

సమాధానం: గాలం వేయవచ్చు, కాని చేపను ఇంటికి తెచ్చుకోలేరనే అనుకుని బయలుదేరండి. పంతొమ్మిదేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్న నేను మొదటిసారి మా అక్కను వెంటబెట్టుకుని చెరువుకు వెళ్ళినప్పుడు చేసిన పొరపాటు మీరు చేయకుండా ఉండేందుకు కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఇంగ్లండు, వేల్సులలో పదమూడేళ్ళు నిండిన ప్రతి ఒక్కరూ మంచినీటి చేపలకు గాలం వేయాలంటే ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ రాడ్ లైసెన్సు తీసుకోవాలి. అది ఒక రోజుకు, ఎనిమిది రోజులకు, ఏడాదికి ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది. చుట్టపుచూపుగా వచ్చినవారికి మినహాయింపు లేదు. లైసెన్సు లేకుండా దొరికితే 2,500 పౌండ్ల వరకు జరిమానా పడవచ్చు. సాధారణ లైసెన్సు మీద రెండు గాలాలు వేసుకోవచ్చని చదివి, అక్కకు ఒకటి, నాకు ఒకటి, లెక్క సరిపోయిందని నేను సంబరపడ్డాను. గట్టు మీద చెరువు కాపలాదారు మా వంక చూసి, ఆ రెండు గాలాలూ ఒకే మనిషివి కావాలని నెమ్మదిగా చెప్పాడు. అక్క పేరున ఒకరోజు లైసెన్సు ఫోనులో కొనేదాకా ఆమె గొడుగు కింద కూర్చుని నన్ను దెప్పుతూనే ఉంది.

లైసెన్సు ఉన్నంత మాత్రాన ఏ నీటిలోనైనా గాలం వేయవచ్చునని కాదు. ఆ నీటి యజమాని అనుమతి వేరుగా కావాలి. మీ ఊరి గుండా పోయే గ్రాండ్ యూనియన్ కాలువ కెనాల్ అండ్ రివర్ ట్రస్టు చేతిలో ఉంది. ఇలాంటి కాలువల్లో చాలా భాగాలను చేపల క్లబ్బులకు కౌలుకు ఇస్తారు కాబట్టి, మీరు కూర్చోదలచిన చోటు ఎవరిదో ముందే తెలుసుకోవాలి. కొత్తవారికి నేను డే టికెట్ చెరువులనే సూచిస్తాను: గేటు దగ్గర డబ్బు కట్టి, పెగ్ అని పిలిచే కూర్చునే చోట్లలో పక్కపక్కన రెండు ఎంచుకుంటే సరిపోతుంది. నదులలో మార్చి 15 నుంచి జూన్ 15 వరకు కార్పు వంటి చేపలకు గాలం వేయడం నిషిద్ధం గాని, మీరు జూలైలో వెళ్తున్నారు కాబట్టి ఆ బెంగ లేదు.

ఇక్కడి చెరువుల్లో ఎక్కువగా దొరికే కార్పు మనకు కొత్తది కాదు. మన మత్స్యశాఖవారు బంగారు తీగ అని పిలిచే చేపే ఇది. ఇది అడుగున బురదను కెలుకుతూ మేస్తుంది కాబట్టి, మీ ఎర సరిగ్గా నేలను తాకుతూ ఉండాలి. అందుకు ముందు కొక్కేనికి చిన్న తూకం తగిలించి లోతు కొలుచుకోవాలి. మనం జీలుగు బెండు ముక్క కట్టినట్టే ఇక్కడ వాగ్లర్ అనే పొడవాటి బెండు కడతారు. దాని అడుగు కొనను మాత్రమే దారానికి కడతారు. పాతకాలం నుంచీ దీన్ని నెమలి ఈక కాడతో చేసేవారని చెప్పినప్పుడు, మన పెరట్లో రాలినవన్నీ పోగుచేసి ఉంటే ఈపాటికి కొట్టు పెట్టేవాళ్ళమని అక్క అంది. బెండు కొస సెంటీమీటరు మేర పైకి కనిపించేలా దారానికి బరువు గుండ్లు కట్టండి. 0.06 గ్రాముల నుంచి 28.35 గ్రాముల దాకా సీసపు గుండ్లను 1987లో ఇక్కడ నిషేధించారు, హంసలు వాటిని మింగి చనిపోతుండడమే కారణం. కాబట్టి సీసం కాని గుండ్లనే అడగండి.

మన అలవాటు బెండు మునిగితే లాగడం. ఇక్కడ అదొక్కటే చూస్తే సగం చేపలు పోతాయి. కార్పు ఎరను నోట పట్టుకుని తల ఎత్తినప్పుడు, అడుగునున్న చివరి గుండు కూడా లేస్తుంది; బరువు తగ్గిన బెండు పైకి పొంగి నీళ్ళ మీద అడ్డంగా పడుకుంటుంది. అదీ కాటే. చేప వీపు దారానికి రాసుకున్నప్పుడు మాత్రం బెండు ఊగుతుంది, పక్కకు జరుగుతుంది. అప్పుడు చేయి కట్టుకుని ఊరుకోవాలి. మా అక్కకు ఈ ఓపిక నాకన్నా ఎక్కువ, అందుకే ఆమెకు మూడు పడితే నాకు ఒకటి పడింది.

ఎరగా డబ్బాలో వచ్చే స్వీట్‌కార్న్ గింజలు రెండు గుచ్చితే చాలు. గోధుమపిండి ముద్ద కూడా బాగానే పనిచేస్తుంది. ఎర చుట్టూ ఒక్కోసారి పది గింజలకు మించి చల్లకండి, కాని తరచుగా చల్లుతూ ఉండండి. ఇంటి నుంచి వేరుశనగలు తీసుకువెళ్ళవద్దు. సరిగా నానబెట్టి ఉడికించని గింజలు చేపలకు చేటు కాబట్టి చాలా చెరువుల్లో వాటికి అనుమతి ఉండదు. ముల్లు లేని కొక్కెం, ముడి లేని వల, చేపను పడుకోబెట్టే మెత్తని పరుపు కూడా చాలా చోట్ల తప్పనిసరి. చేపను తడి చేతులతోనే పట్టుకోవాలి, పొడి చేతులు దాని జిగురు పొరను చెరుపుతాయి. నేటి గాలం కర్రలు కార్బన్‌వి, కరెంటును ప్రవహింపజేస్తాయి; అందుచేత కరెంటు తీగల కింద గాలం విసరకండి, ఉరుము వినిపిస్తే కర్ర కింద పెట్టి దూరంగా వెళ్ళిపొండి. తినే ముందు చేతులు శుభ్రంగా కడుక్కోండి, ఎలుకల మూత్రంతో కలిసిన నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ రావచ్చు.

మీ రెండో ప్రశ్నకు వస్తాను. ప్రైవేటు చెరువులో యజమాని అనుమతి లేకుండా చేపను తీసుకుపోవడం 1968 నాటి దొంగతనాల చట్టం కిందికే వస్తుంది. నదుల్లో చిన్న చేపలు కొన్నిటిని తీసుకునే వెసులుబాటు ఉన్నా, చెరువుల్లో పట్టిన చేపను తూచి, ఫోటో తీసి, వదిలేయడమే ఇక్కడి ఆచారం. ఒకే పెద్ద చేప ఏళ్ళ తరబడి పలువురి చేతికి వస్తూ పోతూ ఉంటుంది.

అక్కకు మాత్రం ఇదంతా ససేమిరా మింగుడు పడలేదు. “వదిలెయ్యడానికైతే పొద్దున్నే లేచి ఇంత దూరం ఎందుకురా?” అని అడిగింది. తన మూడో చేప నాలుగు కిలోల పైనే ఉంటుంది. దాన్ని వంగి నీళ్ళలోకి వదిలాక కాసేపు అలాగే చూస్తూ కూర్చుంది. దారిలో బంగ్లాదేశీ దుకాణం దగ్గర కారు ఆపించి, ఫ్రీజర్‌లోని శీలావతి ముక్కలు రెండు కిలోలు కొని, రాత్రి పులుసు పెట్టింది. మీకూ పులుసు మీద మనసుంటే ఆ దారే మంచిది.