ఈజిప్టు నగల బొమ్మలతో డిజైన్ సీటు వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. జ్యువెలరీ డిజైన్ చదువుతానంటోంది. ఏడాదిగా పురాతన ఈజిప్టు నగలే గీస్తోంది. ఆ పోర్ట్‌ఫోలియోకు సీటొస్తుందా? ఎంపీసీ చదివిందంతా వృథాయేనా?

జవాబు: నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) బీడిజైన్ డిగ్రీలో చేరడానికి అసలు పోర్ట్‌ఫోలియో అడగరండి. రాతపరీక్ష గట్టెక్కితే సిట్యుయేషన్ టెస్ట్ ఉంటుంది. ఇచ్చిన సామగ్రితో అక్కడికక్కడే నమూనా చేసి చూపాలి. ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫరవాలేదు. పోర్ట్‌ఫోలియో అవసరం పడేది కొన్ని ప్రైవేటు కాలేజీల్లో, విదేశీ కోర్సుల్లో, తర్వాత ఇంటర్న్‌షిప్‌లలో.

అక్కడ పేజీల నిండా ఈజిప్టువాళ్లు పవిత్రంగా చూసిన పేడపురుగులు, వాళ్ల డేగ దేవుడు హోరస్ కళ్లు కనిపిస్తే చూసేవాళ్లు చకచకా తిప్పేస్తారు. 1922లో ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధి బయటపడ్డప్పటి నుంచి ఆ బొమ్మలు అందరూ వాడి అరగదీసినవే. నగ ఎలా కట్టారో చూపిస్తే మాత్రం ఆగుతారు.

వెసెఖ్ అనే వెడల్పాటి పూసల కంటెను అట్టమీద కట్టి చూడమనండి. దాని వరసల్లో గొట్టపు పూసలు నిలువుగా, పక్కపక్కనే ఉంటాయి. మెడ దగ్గర వ్యాసార్ధం 8 సెం.మీ. తీసుకుంటే అర్ధవృత్తం సుమారు 25 సెం.మీ. 1.5 సెం.మీ. పూసలతో వరస పెరిగినప్పుడల్లా పొడవు దాదాపు 4.7 సెం.మీ. పెరగాలి. అన్ని వరసలూ ఒకే పొడవులో గుచ్చితే కంటె భుజాలమీద పరుచుకోదు, గిన్నెలా పైకి లేస్తుంది. పూసల సంఖ్య పెంచకుండా దారం మాత్రమే పెంచితే బయటి వరసల్లో సందులు పడి దారం కనిపిస్తుంది. పూసలు పెంచాలి, లేదా కింది కొస లావుగా ఉండేవి వాడాలి. ముందువైపు బరువుకు కంటె జారకుండా వీపు మీదికి ఒక ప్రతిభారం వేలాడదీసేవారు. ఎంపీసీ ఎక్కడికీ పోలేదు, ఈ లెక్కంతా అదే!

రెండో అభ్యాసం రాళ్ల పొదుగు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఈజిప్టు రాకుమారి సిత్‌హథోర్‌యునెత్ పతకం ఉంది. వెడల్పు 8.2 సెం.మీ. మాత్రమే, అందులో 372 రాతిముక్కలు. మన కుందన్‌లో రాయి చుట్టూ మేలిమి బంగారు రేకు నొక్కుతారు. ఈ పతకంలో బంగారు పట్టీలతో గదులు కట్టి, ఒక్కో గదికీ సరిపడా రాయి కోశారు. మ్యూజియం వెబ్‌సైట్‌లో ఫొటో పెద్దది చేసి, అందులోని డేగ రెక్క ఒక్కదాన్నే 5 రెట్ల సైజులో, పట్టీ మందంతో సహా గీయమనండి. పట్టీని ఒంటిగీతగా గీయడం అందరూ చేసే తప్పు. అలా గీస్తే కంసాలికి రాయి కొలత తెలియదు.

తర్వాతే కొత్త నగల మీద ఈజిప్టు ప్రభావం సంగతి. 1920లలో ఫ్రెంచి నగల సంస్థ కార్టియే అసలైన ఈజిప్టు ఫేయన్స్ (మెరుపు పూత ఉన్న పింగాణీలాంటి పదార్థం) ముక్కల్ని తెచ్చి కొత్త బ్రూచ్‌లలో వజ్రాల మధ్య పొదిగింది. పాత ముక్క ఏది, కొత్తగా చేర్చింది ఏది అని రెండు రంగుల్లో విడదీసి ఒక పేజీ పెడితే చాలు. పక్క పేజీలో తన సొంత నగ అసలు సైజులోనే ఉండాలి: ముందు, వెనక, పక్క వైపుల నుంచి, కొక్కెంతో సహా. చాలామంది కొక్కెమే మరిచిపోతారు.