జనవరిలో ట్రైలర్, రెండు కుక్కలు, మిన్నియాపొలిస్ నుంచి డాలస్‌కి

ప్రశ్న: మాది చిత్తూరు, గ్రీమ్స్‌పేట. మిన్నియాపొలిస్ వచ్చి ఏడాదిన్నర అయింది. ఇప్పుడు ఉద్యోగం డాలస్‌కి మారింది. జనవరి నెలాఖరుకి అపార్ట్‌మెంట్ ఖాళీ చెయ్యాలి. మా టొయోటా రావ్ ఫోర్ కారుకి సామాను ట్రైలర్ తగిలించుకుని నేనూ మా ఆవిడా రోడ్డు మీదే పోదామనుకుంటున్నాం. రెండు కుక్కలున్నాయి. ఒకటి ల్యాబ్, ఇంకోటి ఊరి నుంచి తెచ్చుకున్న నాటు కుక్క. వాటిని మళ్లీ విమానం ఎక్కించడం మాకు ఇష్టం లేదు. కొత్త ఇంట్లో పాలు పొంగించడానికి అమ్మ ఫిబ్రవరి 2కి ముహూర్తం కూడా పెట్టించేసింది. ఈ ప్రయాణం చెయ్యొచ్చా అక్కా?

జవాబు: చెయ్యొచ్చు తమ్ముడూ. ఇద్దరూ డ్రైవింగ్ వచ్చినవాళ్లు, ఐ-35 హైవే ఎక్కితే డాలస్ దాకా దాదాపు ఒకటే రోడ్డు. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది మంచు కాదు, ఆ ముహూర్తం. చలికాలంలో మనవాళ్లు రోడ్డు మీద ఇరుక్కునేది ఎక్కువగా తేదీల వల్లే. ఫలానా రోజుకి చేరి తీరాలని ముడి వేసుకుంటే, తుఫాను హెచ్చరిక కళ్లముందు కనిపిస్తున్నా ‘మెల్లగా పోదాంలే’ అనిపిస్తుంది. అందుకని ముందు ఆ ముడి విప్పండి. డాలస్‌లో దిగాక, ఒళ్లు నొప్పులు తగ్గాక, అక్కడి పంతులుగారిని అడిగితే ఇంకో మంచిరోజు చెప్తారు. అపార్ట్‌మెంట్ ఆఫీసులో కూడా రెండు మూడు రోజులు అదనంగా ఉండనిస్తారేమో ఇప్పుడే కనుక్కోండి. దానికి కట్టే డబ్బు ఈ ప్రయాణంలో మీరు పెట్టే ఖర్చుల్లోకెల్లా మంచి ఖర్చు.

ఇక ట్రైలర్. నన్నడిగితే ఉన్నవాటిలో చిన్నది తీసుకోండి, అది కూడా నిండా నింపకండి. రావ్ ఫోర్‌లో చాలా మోడళ్లు లాగగలిగేది 1500 పౌండ్లే. అందులోనే కొన్ని రకాలు మాత్రం 3500 దాకా లాగుతాయి. మీదేదో కారు మాన్యువల్‌లో చూసుకోండి, ఫ్రెండ్ చెప్పాడని నమ్మొద్దు. ట్రైలర్లు అద్దెకిచ్చే యూహాల్‌లో దొరికే నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు మూత ట్రైలర్ ఖాళీగానే 850 పౌండ్లు తూగుతుంది. మీ కారు 1500 రకం అయితే మిగిలింది 650 పౌండ్లు, అంటే 300 కిలోల లోపే. మంచం, సోఫా ఆశలు వదులుకోండి. డాలస్‌లో మనవాళ్లు ఇళ్లు మారుతూనే ఉంటారు, సగం ధరకి మంచి సామాను దొరుకుతుంది.

సర్దేటప్పుడు బరువులో దాదాపు 60 శాతం ట్రైలర్ ముందు సగంలో ఉండాలి. వెట్ గ్రైండర్, పుస్తకాల డబ్బాలు ముందుకి, కింద. దుప్పట్లు, బట్టలు వెనక్కి, పైన. బరువు వెనక్కి పడితే స్పీడు మీద ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. అప్పుడు కాలు తనంతట తానే బ్రేకు మీదకి పోతుంది. పోనివ్వద్దు. యాక్సిలరేటర్ మీద నుంచి మెల్లగా కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, ఊపు దానంతట అది తగ్గేదాకా ఆగాలి. యూహాల్ వాళ్లు ట్రైలర్‌తో గంటకి 55 మైళ్లు దాటొద్దంటారు. ఎండ కాసే రోజుకి పెట్టిన హద్దు అది. మంచు పడే రోజున ఇంకా తగ్గాలి.

తగిలించేటప్పుడు అద్దెకిచ్చిన కుర్రాడు చేసేశాడని వదిలెయ్యకుండా మీ కళ్లతో చూడండి. కప్లర్‌ని, అంటే ట్రైలర్ ముక్కు దగ్గరున్న పట్టుని, కారు వెనకున్న ఇనప గుండు (బాల్) మీద కూర్చోబెట్టి బిగించాక, ట్రైలర్‌కి ముందు జాక్ ఉంటే దాన్ని కాస్త తిప్పి పైకెత్తాలి. దాంతోపాటు కారు వెనక భాగం కూడా లేస్తే సరిగ్గా పట్టుకున్నట్టు. కప్లర్ ఒక్కటే ఊడి పైకొస్తే మళ్లీ మొదటి నుంచి. సేఫ్టీ చైన్లు రెండూ కింద ఒకదాని మీద ఒకటి అడ్డంగా దాటేలా వెయ్యాలి. కప్లర్ ఊడినా దాని ముక్కు ఆ చైన్ల మీద ఆగుతుంది, రోడ్డుకి గుచ్చుకోదు. లైట్ల వైరు నేలకి రాయకూడదు, మలుపులో లాగేసుకోనూ కూడదు. మొదటి కొద్ది మైళ్ల తర్వాత ఒకసారి ఆగి ఇవన్నీ మళ్లీ చూడండి. ఆగిన ప్రతిచోటా ట్రైలర్ వెనక లైట్లు తుడవండి. ఉప్పు బురద పేరుకుని అవి వెనకవాళ్లకి కనపడవు. టైర్లలో గాలి కూడా బయల్దేరే రోజు చలిలోనే చూడాలి. పది డిగ్రీల ఫారెన్‌హీట్ పడితే సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. ట్రైలర్ టైర్లని కూడా మర్చిపోవద్దు.

భాకరాపేట ఘాట్‌లో, మొగిలి ఘాట్‌లో నడిపిన చెయ్యి నాదన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. ఘాట్‌లో మలుపు కనిపిస్తుంది. బ్లాక్ ఐస్ కనిపించదు, తడి రోడ్డులాగే ఉంటుంది. ఒక గుర్తు చెప్తాను. రోడ్డు తడిగా మెరుస్తున్నా ముందు కారు టైర్ల నుంచి నీళ్లు చిమ్మడం లేదంటే, అది నీరు కాదు, మంచుగడ్డ. వంతెనల మీద ముందు గడ్డకడుతుంది, ఎందుకంటే కింద నుంచి కూడా చలిగాలి తగులుతుంది. అక్కడ క్రూజ్ కంట్రోల్ (కారే వేగాన్ని పట్టి ఉంచే మీట) వద్దు, బ్రేకు నొక్కడం వద్దు, లేన్ మారడం వద్దు. ముందు బండికీ మీకూ మధ్య ఎనిమిది పది సెకన్ల ఎడం ఉంచండి. ఐయోవా, కాన్సాస్‌లలో చెట్లూ గుట్టలూ తక్కువ. పక్కగాలి ట్రైలర్‌ని గోడని తోసినట్టు తోస్తుంది. ఆకాశం నీలంగా ఉన్నా నేల మీది మంచుని గాలి లేపి రోడ్డు కనపడకుండా చేస్తుంది.

దక్షిణానికి వచ్చేశాం, ఇక పర్లేదు అనే ధీమా అన్నిటికన్నా ప్రమాదం. 2021 ఫిబ్రవరి 11న ఫోర్ట్‌వర్త్‌లో 130కి పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకుని ఆరుగురు చనిపోయారు. అది జరిగింది మీరు ఎక్కే ఐ-35లోంచి చీలిన రోడ్డు మీదే, ఎత్తు మీద ఉన్న భాగంలో, తెల్లవారుజామున, పల్చటి మంచుపొర వల్ల. మిన్నెసోటాలో మంచు తీసే బండ్లు చీమల్లా తిరుగుతాయి. ఓక్లహామా, టెక్సాస్‌లలో అన్ని ఉండవు. అక్కడ మంచువాన అంటే, ఉన్న హోటల్లోనే ఇంకో రాత్రి ఉండిపోవడమే.

మొత్తం దూరం సుమారు 950 మైళ్లు. మామూలు కారులో రెండు రోజుల్లో చేరేవాళ్లున్నారు, మీరు మూడు రోజులు పెట్టుకోండి, నాలుగోది చేతిలో ఉంచుకోండి. మొదటి రాత్రి డిమాయిన్, రెండో రాత్రి విచిటా. జనవరిలో అక్కడ సాయంత్రం ఆరు లోపే పొద్దుగూకుతుంది. విచిటా రోజు పెద్దది కాబట్టి తెల్లారగానే బయల్దేరాలి, కుదరకపోతే ఎంపోరియాలోనే ఆగిపోవాలి. వాతావరణ శాఖ వాళ్లు వింటర్ స్టార్మ్ ‘వాచ్’ అంటే వచ్చే అవకాశం ఉందని, ‘వార్నింగ్’ అంటే వచ్చేసింది లేదా రావడం ఖాయమని. వార్నింగ్ ఉన్న జిల్లాలోకి ట్రైలర్‌తో పోవద్దు. చాలా రాష్ట్రాలకి 511 అనే రోడ్ల సమాచార సేవ ఉంటుంది, లేనిచోట ఆ రాష్ట్ర రోడ్ల శాఖ సైట్ ఉంటుంది, పొద్దున్నే చూడండి. పెట్రోలు సగానికి దిగగానే నింపుకోండి.

ఇప్పుడు కుక్కలు. అవి కారులోనే ఉండాలి, ట్రైలర్‌లో ఐదు నిమిషాలు కూడా కాదు. అద్దె ఒప్పందమూ ఒప్పుకోదు, లోపల వేడీ గాలీ ఉండవు. కారులో క్రేట్ (బోను) అయినా ఉండాలి, సీటు బెల్టుకి తగిలించే హార్నెస్ అయినా ఉండాలి. ఇలాంటి ప్రయాణాల్లో కుక్కలు తప్పిపోయేది చాలాసార్లు రెస్ట్ ఏరియాలో, తలుపు తెరిచిన ఆ ఒక్క క్షణంలో. కొత్తచోటు, లారీల చప్పుడు, పక్కనే ఇంటర్‌స్టేట్. అందుకే లీష్ చేతికి చుట్టుకున్నాకే తలుపు తెరవండి. కాలర్ మీద మీ ఫోన్ నంబరు ఉండాలి, మైక్రోచిప్ రికార్డులో కూడా ఇప్పటి నంబరే ఉండాలి. పెట్రోలుకి ఒకరు దిగితే ఇంకొకరు వాటితోనే ఉండాలి. ఇంజన్ ఆపిన కారు ఆ చలిలో చూస్తుండగానే ఫ్రిజ్ అయిపోతుంది.

ల్యాబ్‌కి దట్టమైన జుట్టు, అది మంచులో పొర్లుతుంది. మీ నాటు కుక్కకి చిత్తూరు ఎండకి సరిపడే పల్చటి జుట్టే. మైనస్ 20 సెల్సియస్‌లో కాలు కింద పెట్టదు, పెట్టినా ఒక కాలు ఎత్తి మీ మొహం వంక చూస్తుంది. అలాంటివి గంటల తరబడి ఉచ్చ బిగబట్టుకుంటాయి, అది మంచిది కాదు. చిన్న పార తీసుకెళ్లి, గాలి తగలని గోడ పక్కన కాస్త మంచు తీసి గడ్డి కనపడేలా చెయ్యండి, వెంటనే పోస్తుంది. దానికి కోటు, బూట్లు కొని ఇప్పటినుంచే ఇంట్లో వేసి అలవాటు చెయ్యండి. రోడ్డు మీద చల్లే ఉప్పు వేళ్ల సందుల్లో దూరి మంట పుట్టిస్తుంది, నాకితే వాంతులు. ఎక్కించే ముందు గోరువెచ్చని నీళ్లతో తడిపిన తువ్వాలుతో నాలుగు పాదాలూ తుడవండి. పార్కింగ్‌లో రంగునీళ్ల మరకలు కనిపిస్తే దూరంగా లాగెయ్యండి. యాంటీఫ్రీజ్ తియ్యగా ఉంటుంది, కొంచెం నాకినా కుక్క కిడ్నీలు పోతాయి.

పొద్దున బయల్దేరే ముందు కొద్దిగా తిండి, రాత్రి హోటల్లో కడుపునిండా. అలవాటైన తిండే పెట్టండి. మీరు తినే మిక్చర్‌లో కిస్‌మిస్ ఉంటే చెయ్యి జారనివ్వద్దు, అది వాటికి విషం. రేబిస్ సర్టిఫికెట్, వెట్ ఇచ్చే ఆరోగ్య పత్రం కాగితం మీదే తీసుకెళ్లండి. హోటల్ వాళ్లకి ఫోన్ చేసి ‘రెండు కుక్కలు, ఒకటి పెద్దది’ అని చెప్పి మరీ గది తీసుకోండి. కొన్నిచోట్ల ఒక్కదాన్నే ఒప్పుకుంటారు.

ఎక్కడైనా మంచులో కూరుకుపోతే బండి వదిలి నడవొద్దు. సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసి, గంటకి పది నిమిషాలు మాత్రం ఇంజన్ వేసి, అద్దం ఒక వేలు సందు దించండి. గొట్టం మూసుకుపోతే విషవాయువు లోపలికొస్తుంది. దుప్పట్లు, నీళ్లు, చెనిక్కాయల ఉండలు, ఫోన్ ఛార్జర్ కారులోనే ఉండాలి, ట్రైలర్‌లో కాదు.

మీరు నడిపే పగలంతా ఇంటి దగ్గర రాత్రి. మీకు సాయంత్రం ఐదయితే చిత్తూరులో తెల్లవారుజాము నాలుగున్నర. ‘ఎక్కడిదాకా వచ్చారు?’ అని గంటగంటకీ ఫోన్ వస్తే నడిపేవాళ్లకీ టెన్షన్, అమ్మకీ నిద్ర ఉండదు. ఏ రాత్రికారాత్రి గదిలో దిగాక ఒక మెసేజ్ అని మాట అనుకోండి. ముహూర్తం సంగతి మీరు చెప్పలేకపోతే అమ్మ నంబరు పంపండి. సంక్రాంతి దాకా నేను తిరుపతిలోనే ఉంటాను, బస్సెక్కితే చిత్తూరు ఎంతసేపు! వెళ్లి నేనే కూర్చుని మాట్లాడతాను.