కుకీలకు ఓకే కొడితే ఏం పోతుంది? చెప్పుల స్టాండ్ టోకెన్ లెక్కలో చెబుతాను

మీరు అడిగింది ఇదీ: ఏ సైటు తెరిచినా "కుకీలకు అనుమతి ఇవ్వండి" అంటోంది, చదవకుండా ఓకే కొట్టేస్తున్నాను, దాంతో నా ఫొటోలు, బ్యాంకు వివరాలు వాళ్లకు వెళ్లిపోతాయా, ఒకచోట చూసిన చీర మిగతా సైట్లన్నింటిలో ఎందుకు వెంటపడుతోంది?

ముందు భయం తీర్చేస్తాను. ఓకే కొట్టినంత మాత్రాన గ్యాలరీలో ఫొటోలు, బ్యాంకు పాస్‌వర్డ్ ఎక్కడికీ పోవు. కుకీ అంటే ప్రోగ్రామ్ కాదు, మీ ఫోన్లో దూరి వెతికేదీ కాదు. సైటు మీ బ్రౌజర్లో రాసి పెట్టుకునే చిన్న చీటీ, 4 కేబీకి మించి పట్టదు కూడా. చీర వెంటపడటం మాత్రం మీ భ్రమ కాదు. ఆ ఏర్పాటు స్వయంగా నా చేతులతో పెట్టినవాణ్ని కాబట్టి ఎలా జరుగుతుందో చెప్పగలను. మాదాపూర్‌లో ఒక చిన్న ఆన్‌లైన్ బట్టల కంపెనీకి నాలుగేళ్లు సైటు చూసుకున్నాను, పేరెందుకులెండి.

గుడి దగ్గర చెప్పుల స్టాండ్ చూసే ఉంటారు. చెప్పులు ఇస్తే టోకెన్ ఇస్తాడు. దాని మీద 47 అని ఉంటుంది, అంతే. మీ పేరు, ఊరు, చెప్పులు ఎన్నిట్లో కొన్నారో ఏదీ ఉండదు. తిరిగొచ్చి ఆ టోకెన్ చూపిస్తే, మీరెవరో తెలియకపోయినా మీ చెప్పులు తీసిస్తాడు. కుకీ కూడా అంతే. వెబ్‌సైటుకు పుట్టుకతోనే మతిమరుపు, ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లేసరికి వచ్చింది పాత మనిషా కొత్త మనిషా దానికి తెలీదు. 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో పనిచేసే లూ మాంటుల్లీ అనే ఇంజనీరు ఈ మతిమరుపుకు మందుగా కుకీని తయారుచేశాడు. ఆన్‌లైన్ కొట్లో బుట్టలో వేసిన సామాను పేజీ మారినా పోకుండా ఉండాలన్నది అప్పటి అవసరం. ఈరోజు మీరు రైలు టికెట్ తీసుకుంటూ పేజీ పేజీకీ పాస్‌వర్డ్ కొట్టే పని లేకుండా ఉన్నారంటే దాని పుణ్యమే. అందుకే కుకీలన్నీ మూసేస్తానంటే కుదరదు, చాలా సైట్లలో లాగిన్ కూడా అవలేరు.

ఇంతవరకు ఏ గొడవా లేదు. ఇప్పుడు అన్నవరం, శ్రీశైలం, యాదగిరిగుట్ట, బెజవాడ దుర్గమ్మ గుడి, అన్నిచోట్లా చెప్పుల స్టాండ్ కాంట్రాక్టు ఒక్కడిదే అనుకోండి. మొదటి గుడిలో ఇచ్చిన టోకెనే ప్రతిచోటా చూపించమంటాడు. మీ పేరు వాడికి అక్కర్లేదు. 47 నంబరు మనిషి నెలలో మూడుసార్లు ఫలానా గుడికే, అదీ పిల్లల కోసం మొక్కుకునే గుడికే వెళ్తున్నాడని పుస్తకంలో రాసుకుంటే చాలు. థర్డ్ పార్టీ కుకీ అంటే ఇదే. మీరు వెళ్లింది గుడికి, టోకెన్ ఇచ్చింది కాంట్రాక్టరు.

మా ఆఫీసులో ఇది ఎలా మొదలైందంటే, మార్కెటింగ్ అతను ఒకరోజు "ఈ నాలుగు లైన్లు అన్ని పేజీల్లో పెట్టేయ్ బ్రో" అని వాట్సాప్‌లో పంపాడు. పిక్సెల్ అంటారు దాన్ని. మీరు మా సైటులో గద్వాల చీర తెరవగానే ఆ నాలుగు లైన్లు మీ బ్రౌజర్ చేతనే ప్రకటనల కంపెనీకి కబురు పంపిస్తాయి, ఆ కంపెనీ టోకెన్‌తో సహా. సాయంత్రం మీరు న్యూస్ సైటు తెరిస్తే అక్కడి ప్రకటన జాగా కూడా ఆ కంపెనీదే. టోకెన్ చూసి "ఓ, పొద్దున గద్వాల చీర చూసిన 47" అని అదే చీర పెడుతుంది. ఏడాది తిరిగేసరికి మా సైటులో ఇలాంటివి పదిహేను దాటాయి. వాటిలో రెండు ఏ కంపెనీవో, ఎవరు పెట్టమన్నారో ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. తీసేస్తే ఏం ఆగిపోతుందోనని ఎవరూ ముట్టుకోలేదు, నాతో సహా.

అప్పట్లో నాకు ఇది పెద్ద తప్పనిపించలేదు, చీరే కదా అనుకున్నాను. మా బంధువుల్లో ఒకావిడకు జరిగింది విన్నాక ఆ మాట అనలేకపోతున్నాను. (ఆమెను అడిగే రాస్తున్నాను.) పెళ్లైన ఆరేళ్లకు, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఐవీఎఫ్ గురించి చదువుకుంటోంది. ఇంట్లో ఉన్నది ఒకటే లాప్‌టాప్. మూడు రోజుల తర్వాత మామగారు పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని న్యూస్ సైటు తెరిస్తే వార్త పక్కన, కింద, మధ్యలో అన్నీ సంతాన సాఫల్య కేంద్రాల ప్రకటనలే. ఆయన అందరికీ వినపడేలా "ఏంటమ్మా ఇది, కంప్యూటర్‌కి వైరస్ పట్టిందా" అన్నాడట. అత్తగారికి మాత్రం అర్థమైంది. ఈమె నాకు ఫోన్ చేసి ఏడుపు ఆపుకుంటూ అడిగింది ఒకటే, "హిస్టరీ డిలీట్ చేశాను కదన్నయ్యా, మరి ఎలా?" అని. హిస్టరీ వేరు, కుకీలు వేరు. డిలీట్ చేసేచోట కుకీలకు వేరే టిక్ ఉంటుంది, అది పెట్టకపోతే టోకెన్ జేబులోనే ఉండిపోతుంది. బ్రౌజర్లో ఇన్‌కాగ్నిటో అనే ప్రైవేట్ కిటికీ తెరిచి చూసుకుంటే ఈ గొడవ తప్పేది, ఎందుకంటే ఆ కిటికీలన్నీ మూయగానే అందులోని కుకీలు పోతాయి. (అంతమాత్రాన ఇన్‌కాగ్నిటో అంటే మాయమైపోవడం కాదు, అవతలి సైటుకూ, నెట్ ఇచ్చేవాడికీ మీరు వచ్చినట్టు తెలుస్తూనే ఉంటుంది.)

మీ దగ్గర ఏమున్నాయో చూడాలంటే లాప్‌టాప్‌లో క్రోమ్ తెరిచి ఎఫ్12 నొక్కండి, అప్లికేషన్ అనే ట్యాబ్‌లో కుకీస్ కనిపిస్తాయి. చాలా సైట్లలో 'అండర్‌స్కోర్ జీఏ' (_ga) అనే పేరుతో ఒకటి ఉంటుంది, సైటుకు వచ్చేవాళ్ల లెక్క చూసే గూగుల్ అనలిటిక్స్‌ది. దాని విలువలో ముందు గుడ్డిగా ఎంచిన ఒక నంబరు, చివర పది అంకెలు ఉంటాయి. ఆ పది అంకెలు మీరు ఆ సైటుకు మొదటిసారి వచ్చిన క్షణం, 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్క. ఒక టైల్స్ కొట్టు సైటులో నాది 1700తో మొదలైంది. లెక్క కడితే 2023 నవంబర్ రెండో సగం, మా ఇల్లు పూర్తవుతూ బాత్రూం టైల్స్ కోసం వెతికిన రోజులు. నేనే మర్చిపోయాను. మధ్యమధ్యలో మళ్లీ ఆ సైటు చూస్తుండటంతో అది గడువు పొడిగించుకుంటూ కూర్చుంది. ఇది ఆ ఒక్క సైటు వరకే పనిచేసే టోకెన్, ఊరంతా తిరిగేది కాదు, కానీ గుర్తు పెట్టుకోవడం అంటే ఏమిటో కళ్లకు కడుతుంది.

ఇక ఆ ఓకే బాక్సు ఎందుకొచ్చిందంటే, అదంతా యూరప్ చట్టాల చలవ. 2018 మే 25 నుంచి అమల్లోకొచ్చిన జీడీపీఆర్, దానికంటే ముందునుంచీ ఉన్న ఈ-ప్రైవసీ నిబంధనలు కలిసి, అవసరానికి మించిన కుకీ పెట్టాలంటే మనిషిని అడిగి తీరాలన్నాయి. ముందే టిక్ పెట్టి ఉంచితే అది ఒప్పుకోవడం కిందికి రాదని 2019లో అక్కడి కోర్టు చెప్పింది. ఒప్పుకోవడం ఒక క్లిక్, వద్దనడం మాత్రం అంతకంటే ఎక్కువ క్లిక్కులు ఉంటే ఎలా అని ఫ్రాన్స్ డేటా నియంత్రణ సంస్థ 2022 జనవరిలో గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా ప్రకటించింది. డబ్లిన్‌లో ఉండే మా బావమరిది తెరిస్తే 'అన్నీ వద్దు' అనే బటన్ వచ్చే సైటే, నేను హైదరాబాద్‌లో తెరిస్తే "సైటు వాడుతున్నారంటే ఒప్పుకున్నట్టే" అంటుంది. వద్దనే బటన్ ఉంటే నేను వద్దే కొడతాను, ఇన్నేళ్లలో దానివల్ల ఆగిపోయిన పని ఒక్కటీ లేదు. మనకూ 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, విడతలవారీగా అమలవుతున్నాయి. అందులో నాకు నచ్చింది ఒకటుంది: అనుమతి అడిగే నోటీసును ఇంగ్లిష్‌లోగానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్ భాషల్లో దేనిలోగానీ చదువుకునే వీలు ఇవ్వాలి. అంటే తెలుగులో కూడా. అదెలాంటి తెలుగులో రాస్తారో చూడాలి మరి.

బాక్సు సంగతి అలా ఉంచి, ఒక్క సెట్టింగ్ మార్చుకోండి. యాపిల్ వాళ్ల బ్రౌజర్ సఫారీ 2020 మార్చి నుంచి థర్డ్ పార్టీ కుకీలను దానంతటదే ఆపేస్తోంది. ఫైర్‌ఫాక్స్ అనే ఇంకో బ్రౌజర్ 2022 నుంచి ఏ సైటు కుకీలను ఆ సైటు డబ్బాలోనే పెడుతోంది. క్రోమ్ నడిపే గూగుల్ వాళ్లు థర్డ్ పార్టీ కుకీలను రెండేళ్లలో తీసేస్తామని 2020 జనవరిలో చెప్పి, వాయిదాల మీద వాయిదాలు వేసి, 2024 జూలైలో ఆ మాట వెనక్కి తీసుకున్నారు. ప్రకటనల మీద బతికే కంపెనీ బ్రౌజర్ నుంచి ఇంకేం ఆశిస్తాం. కాబట్టి క్రోమ్ అయితే మీరే సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్‌కి వెళ్లి, థర్డ్ పార్టీ కుకీస్‌ని బ్లాక్ చేయండి. ఎక్కడైనా పేమెంట్ పేజీ మొరాయిస్తే ఆ ఒక్క సైటుకే వదిలేయొచ్చు.

మీరు అడగలేదు కానీ, నిజంగా డబ్బులు, అకౌంట్లు పోయేది ఇంకోచోట. టోకెన్ ఎవరి చేతిలో ఉంటే చెప్పులు వాళ్లవే కదా. విజయవాడలో నా ఫ్రెండ్ ఒకతను వంటల యూట్యూబ్ ఛానల్ నడుపుతాడు. స్పాన్సర్‌షిప్ అని మెయిల్ వస్తే అందులో ఫైల్ తెరిచాడు. అది అతని బ్రౌజర్లోని లాగిన్ కుకీలను ఎత్తుకుపోయింది. దొంగకు పాస్‌వర్డ్ అక్కర్లేకపోయింది, ఓటీపీ రాలేదు, ఎందుకంటే అప్పటికే లాగిన్ అయి ఉన్న టోకెన్ అది. తెల్లారేసరికి ఛానల్ పేరు, బొమ్మ మారిపోయి క్రిప్టో లైవ్ నడుస్తోంది. ఛానల్ తిరిగి చేతికి రావడానికి పదకొండు రోజులు పట్టింది, ఆ టెన్షన్‌కి మనిషి చిక్కి సగమయ్యాడు. డబ్బు కట్టకుండా దొంగతనంగా వాడే క్రాక్ సాఫ్ట్‌వేర్లతోనూ ఇదే ప్రమాదం. అనుమానం వస్తే పాస్‌వర్డ్ మార్చి, 'అన్ని డివైజుల నుంచి సైన్ అవుట్' కొట్టండి, పాత టోకెన్లు చెల్లకుండా పోతాయి. నెట్ సెంటర్‌లోనో, జిరాక్స్ షాపులోనో మెయిల్ తెరిస్తే కిటికీ మూసేయడం కాదు, లాగౌట్ అవ్వాలి.

ఫోన్లో యాప్‌ల వ్యవహారం వేరు, అక్కడ కుకీ బదులు అడ్వర్టైజింగ్ ఐడీ, అంటే ప్రకటనల కోసం ఫోన్‌కిచ్చే ఒక నంబరు ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో గూగుల్ సెట్టింగ్స్‌లో యాడ్స్‌కి వెళ్లి దాన్ని డిలీట్ చేసేయొచ్చు. రెండోసారి చూస్తే విమానం టికెట్ రేటు పెరగడం కుకీల వల్లేనని చాలామంది నమ్మకం. నాకైతే కుకీలు తుడిచి చూసినా ఎప్పుడూ తగ్గలేదు, తక్కువ రేటు సీట్లు అయిపోతే పై రేటు వస్తుంది, అంతే.

ఇంత రాశాక ఒక నిజం ఒప్పుకోవాలి. మా కంపెనీలో కుకీల కంటే గట్టిగా పనిచేసింది ఎక్సెల్ షీటు. ఎగ్జిబిషన్ స్టాళ్లలో బిల్లు వేసేటప్పుడు తీసుకున్న ఫోన్ నంబర్లన్నీ అందులో పెట్టి ప్రకటనల కంపెనీ సైటులో ఎక్కిస్తే, ఆ నంబరుతో వాళ్ల దగ్గర అకౌంట్ ఉన్న మనుషులకే మా ప్రకటన వెళ్లేది. కుకీ తుడిచేయొచ్చు, నంబరు ఎంతమంది మారుస్తారు? అందుకే ఇప్పుడు షాపింగ్ మాల్‌లో "నంబర్ చెప్పండి సార్" అంటే నేను చెప్పను. మొన్న దసరాకి కౌంటర్లో కుర్రాడు "నంబర్ లేకపోతే సిస్టం ముందుకెళ్లదు సార్" అన్నాడు. ఇవ్వనన్నాను. వెనక లైన్లో వాళ్లు గొణుగుతున్నారు, మా ఆవిడ మోచేత్తో పొడుస్తోంది. ఆ కుర్రాడు ఒక క్షణం అటూ ఇటూ చూసి, వరసగా పది తొమ్మిదులు కొట్టి బిల్లు చింపి ఇచ్చాడు.