పాత డబ్బా టీవీకి పీఎస్4 పెట్టుకోవచ్చా? మా ఇంట్లో ఏడాది ఆడాం

ఇంట్లో 21 అంగుళాల పాత డబ్బా టీవీ ఒక్కటే ఉంది, వెనక పసుపు, తెలుపు, ఎరుపు రంధ్రాలే ఉన్నాయి, పీఎస్4 (ప్లేస్టేషన్ 4 గేమ్ పెట్టె) ఆడుకోవచ్చా అని అడిగారు. ఆడుకోవచ్చు.

మాది పర్లాకిమిడి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి ముందుగది రేకులు లేచిపోయి ఎల్‌ఈడీ టీవీ తడిసి పోయింది. బీరువాలో ఉన్న పీఎస్4 మాత్రం దక్కింది. వెనక గదిలో తాతయ్య ఒడియా వార్తలు, తెలుగు సీరియళ్లు చూసే పాత టీవీయే మాకు దిక్కయింది.

పీఎస్3కైతే మూడు రంగుల వైరు నేరుగా పెట్టుకోవచ్చు. పీఎస్4కి బొమ్మ కోసం ఉన్నది హెచ్‌డీఎంఐ (కొత్త టీవీలకుండే వైరు రంధ్రం) ఒక్కటే, కాబట్టి మధ్యలో దాన్ని మూడు రంగుల వైరుకి మార్చే కన్వర్టర్ తప్పదు. నేను దెబ్బతిన్నది ఇక్కడే. బరంపురం నుంచి తెప్పించిన కన్వర్టర్ చూడ్డానికి బాగానే ఉంది: అటు హెచ్‌డీఎంఐ, ఇటు మూడు రంధ్రాలు. రెండు రోజులు వైర్లు మార్చి మార్చి పెట్టినా నీలం తెర తప్ప ఏమీ రాలేదు. చివరికి మా మేనల్లుడు దాన్ని తిప్పి చూసి, "మావయ్యా, ఇన్‌పుట్ అని మూడు రంధ్రాల వైపు రాసుంది" అన్నాడు. పాత ప్లేయర్‌ని కొత్త టీవీకి కలిపే రకం అది. మనకు కావాల్సింది దానికి తిరగేసినది. హెచ్‌డీఎంఐ రంధ్రం పక్కనే ఇన్‌పుట్ అని ఉండాలి, డబ్బులిచ్చే ముందు మీ కళ్లతో చూసుకోండి.

సరైనది దొరికాక దానికి యూఎస్‌బీ పవర్ ఇవ్వండి. పక్కన చిన్న స్విచ్ ఉంటే పాల్ (PAL, మన దేశపు పాత టీవీల పద్ధతి) వైపు పెట్టండి. ఎన్‌టీఎస్‌సీ (NTSC, అమెరికా పద్ధతి) మీద ఉంటే మన పాత టీవీల్లో కొన్నిటికి బొమ్మ నలుపు తెలుపులో వస్తుంది, లేదా దొర్లుతుంది. పీఎస్4 సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ 720పీ, ఆడియో లీనియర్ పీసీఎం పెట్టండి. అయినా తెర నల్లగా ఉంటే అదే సెట్టింగ్స్‌లో హెచ్‌డీసీపీ (HDCP, బొమ్మని కాపీ చేయకుండా ఆపే రక్షణ) ఆపేయండి. అది ఆపినా గేమ్‌లు ఆడతాయి, సినిమా యాప్‌లు మాత్రం ఆడవు. ఈ మార్పులన్నీ ముందు ఎవరింట్లోనైనా కొత్త టీవీకి తగిలించి చేసుకుని రండి, చాలా టెన్షన్ తగ్గుతుంది.

బొమ్మ సంగతి చెప్పాలంటే, వెడల్పు బొమ్మని చదరపు తెరలోకి నొక్కేస్తుంది కాబట్టి బ్యాట్స్‌మన్ సన్నగా, పొడుగ్గా కనిపిస్తాడు. అది రెండు రోజుల్లో అలవాటైపోతుంది. అంచులు తెగిపోతే డిస్‌ప్లే ఏరియా సెట్టింగ్స్‌లో లోపలికి జరుపుకోవచ్చు. అలవాటు కానివి అక్షరాలు. పాల్ టీవీలో బొమ్మకి 576 గీతలే, గేమ్ తయారుచేసింది 1080 గీతల లెక్కన. మా క్రికెట్ గేమ్‌లో స్కోరు మూలన 6కీ 8కీ తేడా తెలిసేది కాదు. ఎన్ని పరుగులు కావాలో చూడటానికి మేనల్లుడు ప్రతి ఓవర్ అయ్యాక లేచి తెర దగ్గరికి వెళ్లేవాడు. అందుకే నా సలహా: క్రికెట్, ఫుట్‌బాల్, కార్ల రేసులు హాయిగా ఆడుకోండి. పేజీలకి పేజీలు చదవాల్సిన కథ గేమ్‌లు ఇప్పుడే కొనకండి. టైమింగ్ విషయంలో భయపడొద్దు, పిక్చర్ ట్యూబ్ టీవీ బొమ్మని ఆలస్యం చేయదు. బంతికి బ్యాట్ సరిగ్గా తగిలేది.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. రంధ్రాలు వదులయ్యాయని టీవీ వెనక మూత మీరు విప్పకండి. ప్లగ్ తీసేసినా పిక్చర్ ట్యూబ్‌లో వేల వోల్టులు నిలిచి ఉండొచ్చు. ఆ పని మెకానిక్‌కే వదిలేయండి.