మాక్‌టెయిల్‌లో చేదు ఎందుకొస్తుంది, ఘాటు ఎలా తేవాలి?

మద్యం లేని పానీయాలు ఇంట్లో కలుపుకోవడం గురించి వచ్చిన ఉత్తరాల్లో అయిదింటికి ఈసారి జవాబులిస్తున్నాం. కొలతలన్నీ 300 మి.లీ. పట్టే పొడుగు గ్లాసుకి. టీస్పూను అంటే 5 మి.లీ.

ప్రశ్న: పుదీనా, నిమ్మకాయ ముక్కలు, పంచదార కలిపి బాగా దంచి మొజిటో చేస్తున్నాను. రెండు గుక్కలయ్యాక నాలుక చేదెక్కుతోంది. పుదీనా మంచిది కాదా? (కర్నూలు)

జవాబు: పుదీనా తప్పేమీ లేదండీ, తప్పంతా దంచడంలోనే ఉంది. పుదీనా వాసన ఆకు పైపొర మీదున్న సన్నటి నూనెగ్రంథుల్లో ఉంటుంది. కాస్త నొక్కితే చాలు, అవి పగులుతాయి. ముద్దయ్యేదాకా దంచితే ఆకు లోపలి పసరు దిగుతుంది, చేదు దానిదే. మిక్సీలో వేస్తే ఇంకా చేదు. కాడలూ వేయకండి. నిమ్మకాయను తొక్కతో కలిపి నలిపితే తొక్క నూనె, దాని కింది తెల్లపొర చేదు కూడా తోడవుతాయి. మన నిమ్మకాయల్ని పిండి రసం మాత్రమే పోయడం మేలు. గింజ నలగకుండా చూడండి.

ఇలా చేసి చూడండి. గ్లాసులో 8–10 పుదీనా ఆకులు, 20 మి.లీ. పంచదార సిరప్ వేసి, పప్పుగుత్తితో నాలుగైదుసార్లు మెల్లగా అదమండి. ఆకు రంగు మారాలి గానీ చిరగకూడదు. తర్వాత 20 మి.లీ. నిమ్మరసం, గ్లాసు నిండా ఐసు, ఆపైన 120 మి.లీ. చల్లటి సోడా. పొడుగు చెంచాతో అడుగునుంచి ఒక్కసారి పైకి లేపి వదిలేయండి. పైన పెట్టే రెమ్మను అరచేతుల మధ్య ఒక్క చరుపు చరిచి పెడితే, గ్లాసు మూతి దగ్గరికి రాగానే పుదీనా వాసన ముక్కుకు తగులుతుంది.

సిరప్ అంటే పాకం కాదు. పంచదార, నీళ్లు సమానంగా తీసుకుని, కరిగేదాకా వేడిచేసి దించేయాలి. తీగపాకం వస్తే చల్లటి సోడాలో కలవదు, అడుగున ముద్దగా కూర్చుంటుంది. చల్లార్చి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు వారాలుంటుంది.

ప్రశ్న: ఎన్ని రకాలు చేసినా చివరికి పిల్లల జ్యూస్‌లాగే ఉంటోంది. అసలు కాక్‌టెయిల్‌లో ఉండే ఆ పట్టు ఎలా వస్తుంది? (హైదరాబాద్)

జవాబు: మద్యం గొంతులో కాస్త మంటను, నోటికి కాస్త బరువును ఇస్తుంది. దాన్ని తీసేసి ఆ చోటు పళ్లరసంతో నింపితే తీపి, పులుపు తప్ప ఏమీ మిగలవు. ఉగాది పచ్చడి తిన్నవాళ్లకి మిగతా రుచులు చెప్పక్కర్లేదు. కారం, వగరు, కాస్త ఉప్పు తిరిగి చేర్చాలి.

కారానికి అల్లం రసం. తురిమి పిండి పది నిమిషాలు కదపకుండా ఉంచితే తెల్లటి పిండి అడుగుకి దిగుతుంది. పైన తేరిన రసమే వాడండి. వగరుకి టీ డికాక్షన్. 100 మి.లీ. మరిగే నీళ్లలో ఒక టీస్పూను టీపొడి వేసి, నాలుగు నిమిషాలకు వడకట్టి చల్లార్చాలి. ఒక గ్లాసుకి డికాక్షన్ 45 మి.లీ., నిమ్మరసం 20, సిరప్ 20, అల్లం రసం ఒక టీస్పూను, చిటికెడు ఉప్పు. మూత బిగుతుగా పట్టే సీసాలో ఐసు వేసి 10–12 సెకన్లు గట్టిగా గిలకొట్టి, గ్లాసులోకి వడకట్టి, 90 మి.లీ. సోడా పోయండి. సోడాని మాత్రం సీసాలో వేసి గిలకొట్టకూడదు, మూత ఎగిరిపోతుంది.

రాయలసీమ నన్నారి సిరప్ దొరికితే వదలకండి. వేరు నుంచి వచ్చే ఆ సువాసన పళ్లరసాల్లో ఉండదు. నన్నారి 30 మి.లీ., నిమ్మరసం 15, పైన సోడా, పంచదార అక్కర్లేదు.

ప్రశ్న: అనాసపండు, పాలమీగడతో కొలాడా చేస్తే అరగంటకి చేదైపోయి విరిగింది. (విశాఖపట్నం)

జవాబు: ఉడికించని అనాసలో బ్రొమిలెయిన్ అనే ఎంజైము ఉంటుంది. పాలలోని ప్రొటీన్‌ని అది ముక్కలు చేస్తుంది, ఆ ముక్కలు చేదు. పులుపు తోడై పాలు విరుగుతాయి. వేడికి ఎంజైము పనిచేయదు కాబట్టి, కప్పు ముక్కల్ని రెండు చెంచాల నీళ్లతో అయిదు నిమిషాలు ఉడికించి, పూర్తిగా చల్లార్చి, రుబ్బి వడకట్టండి. మీగడ బదులు చిక్కటి కొబ్బరిపాలు వాడండి. అనాస రసం 120 మి.లీ., కొబ్బరిపాలు 60, సిరప్ 15, గుప్పెడు ఐసు మిక్సీలో 20 సెకన్లు తిప్పి, 10 మి.లీ. నిమ్మరసం ఆఖర్న కలపండి.

ప్రశ్న: బిట్టర్స్ (పానీయాల్లో చుక్కలుగా వేసే చేదు మూలికల సారం) రెండు చుక్కలు వేయమంటారు. అందులో మద్యం ఉంటుందా? (డల్లాస్)

జవాబు: ఉంటుంది. ఆంగొస్టురా అనే బ్రాండు బిట్టర్స్‌లో ఆల్కహాల్ 44.7 శాతం. రెండు చుక్కలంటే గ్లాసులో అతి కొద్ది. అయినా మద్యం మానేసినవాళ్లకి, గర్భిణులకి, మతరీత్యా ముట్టనివాళ్లకి చెప్పకుండా పోయడం తప్పు. బదులుగా ఒక కమలాపండు తొక్క తెల్లపొరతో సహా, 3 లవంగాలు, అంగుళం దాల్చినచెక్క 150 మి.లీ. నీళ్లలో సగమయ్యేదాకా మరిగించి వడకట్టండి. గ్లాసుకి ఒక టీస్పూను చాలు. ఫ్రిజ్‌లో నాలుగు రోజులుంటుంది.

ప్రశ్న: ఇరవై మందికి మొజిటో చేయాలి. ముందురోజే కలిపి పెట్టుకోవచ్చా? (గుంటూరు)

జవాబు: సిరప్ మాత్రమే ముందురోజు చేయండి. 250 గ్రా. పంచదార, 250 మి.లీ. నీళ్లకి దాదాపు 400 మి.లీ. వస్తుంది, అది సరిపోతుంది. నిమ్మరసం అదే రోజు పిండాలి. రాత్రంతా నిలవుంటే రుచి చెడుతుంది. పాతిక కాయలు తెచ్చుకోండి. ఐసు 5 కిలోలు కావాలి. ఇంటి ఫ్రిజ్ ఐసైతే ముందు ఒక ముక్క నోట్లో వేసుకుని చూడండి, చేపల వాసనో పచ్చడి వాసనో పట్టి ఉంటే పానీయం మొత్తానికీ అంటుకుంటుంది. సోడా రెండున్నర లీటర్లు పడుతుంది. పెద్ద సీసా తెరిచాక గ్యాసు పోతుంటుంది కాబట్టి చిన్న సీసాలే కొని, కనీసం నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. చల్లటి సోడాలోనే గ్యాసు నిలుస్తుంది. దాన్ని జగ్గులో కలిపి పెట్టొద్దు, అతిథి చేతికి గ్లాసు అందించే ముందే పోయండి.